పిలవని బిళ్ల

కొత్త మిషను బిగించిన మొదటి ఉదయం కోడలు ఇరవై అయిదు మట్టిబిళ్లల్లో పదకొండు పోగొట్టుకుంది. మొన్నటిదాకా రెండు పోతేనే అన్నం సహించని మనిషి. తుపాకీని మడత దగ్గర విరిచి తెరిచి, కాలిన తూటాల డొప్పలు తీసి బకెట్లో వేసి, ఎవరిదో పొరపాటున తెచ్చుకున్నదానిలా తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తుపాకీ తనదే. భుజమూ తనదే. గురి మాత్రం ఎవరో దొంగిలించుకుపోయినట్టుంది.

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ ఈ మైదానంలో దాన్ని వాడినవాళ్లు లేరు. పెళ్లైన కొత్తలో మామగారి వెనకాల ఆయన తూటాల సంచీ మోసుకుంటూ వచ్చింది కాబట్టి పెద్దాయన కోడలయింది. ఆయన తుపాకీ ఆమె చేతికి వచ్చాక ఒట్టి కోడలు మిగిలింది. మైదానం నడిపే సంఘానికి సెక్రటరీ ఒకడున్నాడు, అతను పోటీల్లో మైకులో కూడా అలాగే పిలుస్తాడు. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుని, గోడ మీది అక్షరాలు ఎవరికి ఏ వరస దాకా కనిపిస్తున్నాయో అడగడం ఆమె ఉద్యోగం. దుకాణం తెరవకముందు పొద్దున్నే మైదానం.

ఈ ఆట ఎరగనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. నిలబడే చోటుకు ముందు నేలలో ఒక గొయ్యి ఉంటుంది, గోతిలో బిళ్లలు విసిరే మిషను ఉంటుంది. తుపాకీ భుజానికెత్తి, చెంప దానికి ఆనించి, ఒంట్లో కదలిక అంతా సద్దుమణిగాక "పుల్" అని పిలవాలి. సాసరంత మట్టిబిళ్ల గోతిలోంచి లేచి కుడికో ఎడమకో తిన్నగానో పరుగు తీస్తుంది. ఎటు పోతుందో ముందుగా చెప్పదు. అది అందకుండా పోయేలోపు గాల్లోనే పొడి చేయాలి. ఇన్నాళ్లూ ఆ పిలుపందుకుని బిళ్ల వదిలింది వెనక కుర్చీలో కూర్చునే మామగారు. పొడుగాటి తీగ, దాని చివర మీట, మీట మీద ఆయన బొటనవేలు. ఇప్పుడు మనిషి నిలబడే ప్రతి చోటా మోకాలెత్తు కడ్డీకి ఒక చిన్న పెట్టె బిగించారు. పిలుపు ఆ పెట్టె చెవిన పడ్డ మరుక్షణం బిళ్ల గాల్లో ఉంటుంది. జట్టు ఎంపిక పోటీ ఈసారి ఈ మైదానంలోనే, అదీ ఈ పెట్టెలతోనే జరగాలని పైనుంచి కబురొచ్చేసరికి సెక్రటరీ ఆగమేఘాల మీద తెప్పించాడు.

ఎంపిక నెలాఖరున. జట్టులో నలుగురికి చోటు. కిందటిసారి కోడలు అయిదోదిగా నిలిచి ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. ఈసారి తప్పితే మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. నాలుగేళ్లకు చూపు ఎంత మందగిస్తుందో ఆ దుకాణంలో కూర్చునే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ రెండేళ్లలో ఆమె ఆట ఎంత ఎదిగిందంటే, చోటు ఖాయమని ఇంట్లోనూ మైదానంలోనూ అందరూ అనేసుకున్నారు. బయటి మైదానాలకు వెళ్లినప్పుడు రెండు మూడు బిళ్లలు తక్కువ పడేవి. కొత్త చోటు కదా అని సరిపెట్టుకునేవారు.

అలాంటిది పదకొండు పోయాయి. మర్నాడు తొమ్మిది. ఆ మర్నాడు మళ్లీ పదకొండు. కోడలికి తల కొట్టేసినట్టయింది.

మామగారు తనకు తెలిసిన మందులన్నీ వేశారు. ఆయన పాఠం ఎప్పుడూ ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూస్తూనే. తుపాకీ చెంప దగ్గరకు రావాలి గానీ చెంప తుపాకీ దగ్గరకు పోకూడదంటారు. చూపు బిళ్ల మీదుండాలి, గొట్టం చివర పూస మీద కాదంటారు. కాల్చాక కూడా చెయ్యి సాగుతూనే ఉండాలి, ఆగితే బిళ్ల వెనక గాలిని కాల్చినట్టే. సాయంత్రాలు ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన. ముందు గదిలో గోడా పైకప్పూ కలిసే గీత ఉంటుంది కదా, దాని వెంబడి గొట్టం చివరను ఈ మూల నుంచి ఆ మూలకు వణుకు లేకుండా నడిపించాలి. బీరువా అద్దం ముందు నిలబడి తుపాకీ ఎత్తడం, దించడం, మళ్లీ ఎత్తడం. మొగుడు టీవీ చూడాలంటే ఆ గొట్టం కింద నుంచి వంగి పోవాల్సివచ్చేది. కాళ్ల ఎడం మార్చింది, తూటాల రకం మార్చింది, బూట్లు మార్చింది. బిళ్లలు మాత్రం చక్కగా ఎగిరి, దూరంగా గడ్డిలో చెక్కుచెదరకుండా దిగుతున్నాయి.

ఇక ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మామగారు భార్య మాట వినరు. ఇది వీధి వీధంతా ఎరిగిన విషయం. ఆవిడ వంటింట్లోంచి కేకేస్తే ఈయన పేపరు తిప్పుతూ కూర్చుంటారు. పంచాయితీ పెట్టినట్టు ఆవిడ గుమ్మంలోకి వచ్చి చేతులు నడుం మీద వేసుకుని, నా మాటంటే ఈ మనిషికి లెక్కలేదు, గోడకు చెప్పుకున్నా ఊఁ అనేదేమో అని నలుగురూ వినేలా సాధిస్తుంది. వచ్చినవాళ్లు నవ్వుతారు. కోడలి మాటైతే ఎంచక్కా వింటాడండీ, పెళ్లాం మాటే చేదు అని ఆవిడే అందిస్తుంది, మరింత నవ్వుతారు. ఆ మాటకు కోడలు లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. దాచడమెందుకు, నలుగురిలో మామగారి మన్నన ఎవరికి చేదు?

వారం గడిచాక కోడలు ఉండబట్టలేక పెట్టెలు ఆపించి పాత తీగ బిగించమంది. మామగారు కుర్చీలో కూర్చుని మీట పట్టుకున్నారు. ఇరవై అయిదుకు ఇరవై నాలుగు. మైదానంలో ఉన్నవాళ్లంతా మిషనుదే తప్పని తేల్చేశారు. సెక్రటరీ మెకానిక్కును పిలిపించాడు. అతను పెట్టెలన్నీ విప్పి చూసి వీటికేం రోగం లేదన్నాడు. నిజమే, మిగతావాళ్లు ఆ పెట్టెలతోనే ఎప్పటిలా కొడుతున్నారు. అంటే తుపాకీ బాగుంది, మిషను బాగుంది, మనిషి బాగుంది. మరి ఏం పోయింది? కోడలు ఆ ప్రశ్నను దుకాణంలోనూ మోసింది, ఒకాయనకు దగ్గరి చూపు అద్దాల బదులు దూరపు చూపువి రాసిచ్చి చివాట్లు తింది.

మీరేమన్నా ఆలస్యంగా నొక్కుతున్నారా మామయ్యా అని అడిగింది ఒక పూట. నీ పిలుపు వినపడ్డ క్షణం నొక్కుతాను, ఆలస్యం ఎందుకవుతుందన్నారు ఆయన.

మర్నాడు ఉదయం బాగా చలిగా ఉంది. పాత తీగతోనే సాధన. కోడలు తుపాకీ ఎత్తింది, చెంప ఆనింది, ఒళ్లంతా కుదురుకుంది, పిలుద్దామని నోరు తెరిచింది. గొంతు పట్టేసింది. మాట రాలేదు, గాలి కూడా సరిగా రాలేదు.

బిళ్ల లేచింది.

చేతులు వాటంతట అవే కదిలాయి, బిళ్ల ఎడమ పక్కన నల్లటి పొడై రాలింది. కోడలు తుపాకీ దించకుండా అలాగే నిలబడిపోయింది. పిలవని పేరంటానికి వచ్చే మనుషులను చూసింది గానీ, పిలవకుండా వచ్చే బిళ్లను ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. మీట జారి ఉంటుందనుకుంది. మామగారు మనసులో మాట పసిగట్టి ఉంటారని కూడా ఒక పిచ్చి ఊహ వచ్చింది.

మళ్లీ తూటా పెట్టింది. తుపాకీ ఎత్తింది. ఈసారి పెదవులు బిగపట్టి, పళ్లు కరుచుకుని నిలబడింది. నేను పిలవను, నేను పిలవను అని లోపల అనుకుంటూనే ఉంది. ఒళ్లు కుదురుకుంది. బిళ్ల లేచింది. కుడివైపుగా, ఎండలో మెరుస్తూ, నిదానంగా దూరమై గడ్డిలో దిగింది. కోడలు కాల్చలేదు.

తుపాకీ విరిచి తూటా బయటకు తీసింది. వెనక్కి తిరగకుండా, మామూలు గొంతుతోనే, "మామయ్యా, నేను పిలవలేదు" అంది.

జవాబు లేదు. మోత తగలకుండా పెట్టుకునే చెవి డిప్పలు ఆయన మెడలో వేలాడుతున్నాయని ఇందాక నడిచి వచ్చేటప్పుడే చూసింది. చెవులకు ఏ అడ్డమూ లేదు. మళ్లీ కాస్త గట్టిగా అంది. మూడోసారి పక్క మైదానంలో గడ్డి కోస్తున్న మనిషి తలెత్తి చూసేంత గట్టిగా అంది. కుర్చీ కూడా కిర్రుమనలేదు. ఆయన మీట పట్టుకుని, ఆమె మళ్లీ ఎప్పుడు తుపాకీ ఎత్తుతుందా అని ఓపిగ్గా వెనకనే కూర్చుని ఉన్నారు.

కోడలు తిరిగింది. ఆయన నవ్వారు.

"కాల్చలేదేం అమ్మాయ్, మంచి బిళ్ల వదిలేశావు?"

ఆమె దగ్గరకు వచ్చి ఎదురుగా నిలబడింది. "నేను పిలవలేదు మామయ్యా. రెండుసార్లూ పిలవలేదు."

"పిలిచావు కదా," అన్నారు ఆయన. "జడ ఆగింది కదా."

అనేశాక ఏమన్నారో ఆయనకే అర్థమైంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తుపాకీ ఎత్తినప్పుడు వెనక జడ ఊగుతుంది. ఒళ్లు కుదురుకున్నాక జడ కొస కదలడం ఆగుతుంది. ఆయన చూసేది ఆ కొసను. అది ఆగగానే బొటనవేలు మీట మీద పడుతుంది. ఆమె పిలుపు ముందొచ్చినా వెనకొచ్చినా ఆయనకు ఒకటే. ఆమె తొందరపడి పిలిచిన ప్రతిసారీ ఆయన ఆమె కుదురుకునేదాకా ఆగి బిళ్ల వదిలారు. ఆ పెట్టెకు జడతో పనిలేదు, జాలి లేదు. పిలిస్తే వదులుతుంది. మిగతావాళ్లు కుదురుకున్నాకే పిలుస్తారు కాబట్టి, ఆయన వాళ్ల భుజాలు చూసి నొక్కినా పెట్టె విని వదిలినా వాళ్లకు తేడా రాలేదు. కోడలేమో ఒళ్లు ఇంకా ఊగుతుండగానే పిలవడం అలవాటు చేసుకుని, అదే ఆట అనుకుని రెండేళ్లు ఊరేగింది.

ఆయన లేచి, తీగను మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. స్కూటర్ మీద వెనక కూర్చున్న మామగారి చెయ్యి ఆమె భుజం మీద ఉంది, అది ఎప్పటికన్నా బరువుగా తోచింది. ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. గోతిలోకి బిళ్లలు నింపే మనిషి దిగినప్పుడు, ఆపండీ అని అతను అరిస్తే ఈయనకు వినపడేదా? ఆ తలపుకే బండి పట్టు తప్పబోయింది.

ఇంటికి రాగానే తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. అత్తగారు ఉల్లిపాయలు తరుగుతోంది. మామయ్యకు వినపడదు అత్తయ్యా అంది కోడలు, ఇల్లు అంటుకుందని చెప్పినట్టు. ఆవిడ కత్తి ఆపలేదు.

"ఇప్పటికి తెలిసిందా నీకు," అంది.

కోడలు స్టూలు మీద కూలబడింది. ఉదయం తిన్న దెబ్బ ఇంకా మానకముందే ఇది ఇంకొకటి. అయితే మీకు తెలుసా అంది. ఎప్పటి నుంచి అంది. తెలిసీ వీధి గుమ్మంలో నిలబడి ఆ మనిషిని అన్నేసి మాటలంటారా అని కూడా అనేసింది, గొంతులో కోపం దాచుకోకుండా.

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. రెండేళ్లుగా ఆయనకు చెవులు ఒక్కొక్కటే మూతపడ్డాయంది. కుర్రతనంలో డిప్పలు పెట్టుకోకుండా పేల్చిన తూటాల పుణ్యమట. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే తుపాకీ మోత తలలో బాంబులా పేలుతోందని డ్రాయరులో పడేశారు. ఎదురుగా నిలబడితే పెదవులు చూసి మాట పట్టుకుంటారు. మైదానంలో అందరికీ చెవి డిప్పలే కాబట్టి ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు, అంతా ఎదురెదురుగా సైగలే. అక్కడ ఆయన గుట్టు భద్రం. ఇంట్లోనే దొరికిపోయేట్టున్నారు, వచ్చేపోయేవాళ్ల ముందు.

"వినడు అంటే నవ్వుతారు," అంది అత్తగారు. "వినపడదు అంటే జాలిపడతారు. జాలి ఆయనకు గిట్టదు. అందుకని నేనే గయ్యాళినయ్యాను."

కోడలు ఆవిడ ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ కేకలన్నీ, ఆ సాధింపులన్నీ, వీధి వీధంతా చెప్పుకుని నవ్విన ఆ పెళ్లాం పోరంతా ఆయన చెవిన పడాలని వేసినవి కావు. ఆయనకు వినపడవని ఆవిడకు తెలుసు. నలుగురి చెవినా పడాలని వేసినవి. కళ్ల ముందు జరుగుతున్నది చూడకుండా, పగలంతా ఊళ్లోవాళ్ల కళ్లు పరీక్షించే ఘనత తనదని కోడలికి సిగ్గేసింది. గోతిలో మనిషి సంగతి అడిగితే, లోపల మనిషున్నంతసేపూ గోతి పైన ఎగరేసే జెండా దించకుండా మీట ముట్టనని ఒట్టేశారంది అత్తగారు. కోడలు జట్టులోకి వెళ్లగానే ఎవరికీ చెప్పకుండా మర్యాదగా తప్పుకుంటానని కూడా అన్నారట. జెండా మాట కోడలికి చాలలేదు. ఇక ఒక్క పూట కూడా ఆయన చేతిలో మీట ఉండటానికి వీల్లేదని చెప్పేసింది.

భోజనాల దగ్గర ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నారు. తలెత్తి కోడలి పెదవుల కేసి కాకుండా కళ్లలోకి చూశారు.

"అంటే నీ ఆట నేనే చెడగొట్టానా?"

కాదని అనబోయింది. ఆయన పెదవులు చదివే మనిషి, అబద్ధం అక్కడే దొరికిపోతుంది. అందుకని ఊరుకుంది. తనకు వినపడదని ఆయనకు తెలుసు, కానీ వినపడకపోవడం వల్ల ఆమె చేతిలోకి ఏం పాకిందో ఇప్పటిదాకా తెలియలేదు. తాను నేర్పిన ఆటలో సగం తన బొటనవేలిదేనని తెలిసి, ఆ పెద్దమనిషి తన వేలికేసి తానే చూసుకుంటూ ఉండిపోయారు.

మర్నాటి నుంచి మీట అత్తగారి చేతికి వచ్చింది. ఆవిడ తుపాకీ మాటెత్తితేనే చెవులు మూసుకుని పక్కింటికి పోయే మనిషి. ఇప్పుడు నెత్తిన డిప్పలు పెట్టుకుని, ఒక చెవి కాస్త ఖాళీ చేసుకుని, కుర్చీలో జడ్జీలా కూర్చుంది. ఆవిడ దగ్గర దయాదాక్షిణ్యాలు లేవు. నోట్లోంచి చప్పుడు రాగానే నొక్కేస్తుంది. ఒకసారి కోడలు తుమ్మితే బిళ్ల వెళ్లిపోయింది. ఇదేమిటత్తయ్యా అంటే, నువ్వు సిద్ధంగా ఉన్నావో లేదో నాకెందుకు, నాకు శబ్దం వచ్చింది నేను నొక్కాను అంది.

మామగారు పక్కగా, కోడలి ముఖం కనిపించేచోట నిలబడ్డారు. మొదటి పనిగా జడను ముడి వేయించారు. వెనక నుంచి ఎవరికీ ఏమీ తెలియకూడదన్నారు, నీకు మాత్రమే తెలియాలన్నారు. వందల కొద్దీ బిళ్లలు కాల్చడం మాన్పించారు. తక్కువ తూటాలు, ఎక్కువ ఆగడం. తుపాకీ ఎత్తాక కాలి బొటనవేళ్లు నేలను పట్టుకున్నాయా, దవడ వదులైందా, గొట్టం చివర నిలబడిందా అని ఒంటిని ఒక్కో చోటా అడగాలి. అన్నిచోట్లా సరే అన్నాకే నోరు తెరవాలి. సరే అనకపోతే సిగ్గుపడకుండా తుపాకీ దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. దించడం ఓటమి కాదని ఆయన రోజూ చెప్పాల్సివచ్చింది. పద్నాలుగు, పదహారు, పదిహేడు. ఒక రోజు ఇరవై, మర్నాడు మళ్లీ పదిహేను. ఎంపిక దగ్గరపడేసరికి ఇరవై ఒకటి, ఇరవై రెండు దగ్గర నిలదొక్కుకుంది. మునుపటి ఇరవై నాలుగు రాలేదు. అది ఆమెది కాదు కదా.

ఎంపిక రోజు మబ్బు పట్టి ఉంది. అయిదు విడతలు, విడతకు ఇరవై అయిదు బిళ్లలు. నాలుగు విడతలయ్యేసరికి పైన ముగ్గురు ఖాయమైపోయారు. నాలుగో చోటుకు కోడలూ, వేరే సంఘం నుంచి వచ్చిన ఒక నర్సూ సమానంగా ఉన్నారు. చివరి విడతకు ముందు గాలి లేచింది. పెట్టెలు గాలి హోరునే పిలుపనుకుని ఎవరూ నోరు తెరవకుండానే బిళ్లలు విసరడం మొదలుపెట్టాయి. పెద్దలు గుమిగూడి మాట్లాడుకుని చివరి విడతకు పాత తీగే బిగించమన్నారు. మీట పట్టడానికి అందరికీ సమ్మతమైన చెయ్యి కావాలి. సెక్రటరీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మన పెద్దాయన ఉన్నాడుగా అన్నాడు. బయటి సంఘాలవాళ్లు కూడా తలలూపారు. ఆయన పక్షపాతం ఎరగడని ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలుసు. సెక్రటరీ తీగ తెచ్చి, ఆయన వద్దనేలోపే మీట చేతిలో పెట్టేశాడు.

కోడలు ఆ మీట కేసి చూసింది. ఆ బొటనవేలు వెనకుంటే ఇరవై నాలుగు. జట్టు, నాలుగేళ్లు, అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి. ఎవరికీ తెలియదు. ఆయనైనా కావాలని చేసేదేం కాదు, ఆయనకు ఉన్న చెవులు ఆ కళ్లే. ఇంత ఆలోచన ఆమె చేసిందో లేదో తెలియదు గానీ, చెయ్యి మాత్రం తల వెనక్కి వెళ్లింది. ముడిలోని పిన్ను ఒకటి వేళ్లలోకి వచ్చింది. అది చూసుకుని తన చెయ్యి తనదేనా అని బిత్తరపోయింది. చుట్టూ చూసింది. అందరూ పెద్దాయన వైపే చూస్తున్నారు.

అత్తగారు అలవాటైన దారిలోనే అడ్డుపడింది. "ఆయనకెందుకండీ ఇస్తారు? కట్టుకున్న పెళ్లాం మాటే వినడు, మీ మాటలేం వింటాడు?" అని గొంతెత్తింది. ఎప్పటిలాగే నవ్వులు లేచాయి. తప్పుకోవడానికి ఆయనకు దారి దొరికింది. ఆయన కూడా నవ్వేసి, నిజమే బాబూ, ఇంకెవరికైనా ఇవ్వండి అంటే సరిపోయేది.

ఆయన నవ్వలేదు. మీట సెక్రటరీ చేతిలో తిరిగి పెట్టారు.

"వినకపోవడం కాదు," అన్నారు. "నాకు వినపడదు. రెండేళ్లయింది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సెక్రటరీ మీట పట్టుకుని కొయ్యబారిపోయాడు. ఈ రెండేళ్లలో ఆ మీట వెనక జరిగిన పోటీలన్నీ అతని కళ్ల ముందు తిరిగి ఉంటాయి. గోతిలో బిళ్లలు నింపే మనిషి నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. అత్తగారు ముఖం పక్కకు తిప్పుకుంది. గోడ కట్టినట్టు కట్టుకొచ్చిన గయ్యాళితనమంతా ఒక్క మాటతో కూలిపోయింది, ఇప్పుడు ఆవిడకు ఏం చేయాలో తోచలేదు. కోడలు పిన్నును తిరిగి ముడిలోకి గుచ్చింది. తొందరలో అది నెత్తిన గుచ్చుకుంది.

వేరే సంఘం నుంచి వచ్చిన ఒక ముసలి టైలరు మీట పట్టుకున్నాడు. మొదటి బిళ్లకు కోడలు ఒళ్లు కుదురుకోకుండానే పిలిచేసింది. పోయింది. రెండోదీ పోయింది. మూడోసారి తుపాకీ ఎత్తి, ఒంటిని అడిగి, సరే అనలేదని దించేసింది. చూసేవాళ్లలో గుసగుసలు లేచాయి. మళ్లీ ఎత్తింది. కాలివేళ్లు నేలను పట్టుకున్నాయి. దవడ వదులైంది. అప్పుడు పిలిచింది. బిళ్ల లేచి పొడైంది. ఆ తర్వాత పోయినది ఒక్కటే. నర్సు అయిదు పోగొట్టుకుంది. నాలుగో చోటు కోడలిది.

మైకులో ఆమె పేరు చదివారు, ఈసారి కన్నవాళ్లు పెట్టిన పేరు. ఎవరో భుజం తట్టేదాకా తననే పిలుస్తున్నారని ఆమెకు తెలియలేదు. అభినందనలు చెప్పేవాళ్లను తప్పించుకుని మామగారి కోసం చూసింది. ఆయన చుట్టూ జనం. అత్తగారు భయపడ్డదంతా అక్కడ జరుగుతోంది. చంటిపిల్లాడితో మాట్లాడినట్టు ఒక్కొక్కరూ వంగి, సాగదీసి, ఆయన ముఖంలోకి అరుస్తున్నారు. కూర్చోండి పెద్దాయనా, మంచినీళ్లు తాగుతారా పెద్దాయనా. ఆయన అందరికీ తలూపుతున్నారు. ఇక మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండని సెక్రటరీ తడి కళ్లతో రెండుసార్లు అరిచాడు.

"అరవకండి," అంది అత్తగారు, చాలా చిన్న గొంతుతో. "అరిస్తే మీ నోరు వంకరపోయి ఆయనకు మాట తెలియదు. మామూలుగా చెప్పండి."

జనం పలచబడ్డాక కోడలు వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. చోటు వచ్చింది మామయ్యా అంది. చూశానన్నారు ఆయన. మొదటి రెండూ తొందరపడ్డావన్నారు. ఇక మైదానంలో ఆయనకు కుర్చీ లేదు, మీట లేదు, రేపటి నుంచి జాలి మాత్రమే ఉంది. ఇదంతా ఆ రోజే ఎందుకు నెత్తిన వేసుకున్నారో ఆమెకు అంతుపట్టలేదు. అత్తయ్య దారి చూపించింది కదా, నవ్వేసి తప్పుకుంటే పోయేది కదా అని అడిగింది.

"తప్పుకుంటే సెక్రటరీ ఒప్పుకుంటాడా? బతిమాలి మళ్లీ నా చేతిలోనే పెడతాడు," అన్నారు ఆయన. తర్వాత ఆమె తల వెనక్కి ఒకసారి చూసి చూపు దించుకున్నారు. "నీ చెయ్యి ముడి మీదకు పోవడం చూశాను అమ్మాయ్."

కోడలు ఎవరూ చూడలేదనుకుంది.

"విప్పబోయాను మామయ్యా," అంది.

"తెలుసు," అన్నారు ఆయన. "అందుకే చెప్పేశాను."

అత్తగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, పోదాం పదండి అంది. ముగ్గురూ బండి దగ్గరకు నడిచారు.